దవడపన్ను పూత మహోత్సవం

మైపాడుకు కూతవేటు దూరంలో ఉన్న గవ్వలపాళెం పంచాయతీ, తన పరిధిలోని పిల్లల పళ్ళను పుచ్చు బెడద నుంచి శాశ్వతంగా విముక్తం చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అరవై తొమ్మిదో సంవత్సరంలో ఒక ఆదివారం పొద్దున మొదలైన ఈ మహత్కార్యం మధ్యాహ్నం బస్సు వేళకే ముగిసింది. దేశానికి స్వాతంత్ర్యం తేవడానికి పెద్దలు ఇంతకన్నా ఎక్కువ కాలమే తీసుకున్నారు.

ఈ కార్యానికి మూలపురుషుడు ప్రెసిడెంటు ముత్యాలయ్య. పదవి రాకముందు ఆయన కాలువ పడవలకు పలకల సందుల్లో దూది కూరి, కాచిన గుగ్గిలం పూసి, చుక్క నీరు రాకుండా చేసేవాడు. ఆ పనిలో జిల్లాలో తనను మించినవాడు లేడని ఆయనే చెప్పేవాడు. సందు శుభ్రం చేయకుండా గుగ్గిలం పూసిన కూలివాణ్ణి ఏడు తరాలు తలుచుకుని తిట్టేవాడు. "లోపల కుళ్ళు పెట్టి పైన మూసినావంట్రా! నీళ్ళను మోసం చేస్తావా?" అని ఆయన అరిస్తే కాలువ అవతలి గట్టుకు వినపడేది. ప్రెసిడెంటయ్యాక ఆ పని మానేశాడు. చేతులకు గుగ్గిలం ఉంటే దండలు వేసేవాళ్ళకు ఇబ్బంది.

ఆయన ప్రాణాలన్నీ ఆరేళ్ళ మనవరాలు మస్తానమ్మ మీదే. ఆ పిల్ల పాలపళ్ళు తాత ప్రేమకు నల్లబడిపోయాయి. ఏడిస్తే బెల్లం, ఏడవకపోతే బుద్ధిగా ఉన్నందుకు బెల్లం. పన్ను నొప్పని ఏడిస్తే, పాపం నొప్పిగదా అని ఇంకాస్త పెద్ద ముక్క.

"ఏందయ్యా, పిల్ల నోట్లో చెరుకు గానుగ పెడతన్నావా?" అనేది భార్య చెంచమ్మ.

"పాలపళ్ళేగదే, ఊడిపొయ్యేయే" అనేవాడు ఆయన. ఆ ధైర్యంతో కాలం హాయిగా గడిచింది.

అంతలో మస్తానమ్మ దవడ చివర కొత్త పన్నొకటి తెల్లగా పైకొచ్చింది. ముత్యాలయ్య పిల్లను చంకనేసుకుని నెల్లూరు వెళ్ళి దంతవైద్యుడు క్రీస్తురాజు గారికి చూపించాడు.

"ఇది పాలపన్ను కాదు ప్రెసిడెంటు గారూ" అన్నాడు డాక్టరు. "ఇది పోతే దీని చోట ఇంకోటి రాదు. ముసలిదయ్యేదాకా ఈ పిల్ల దీంతోనే నమలాలి."

ముత్యాలయ్య తన దవడ తడుముకున్నాడు. ఆయన నోట్లో దవడపళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. సముద్రం ఒడ్డున పుట్టి, ఎండుచేప వాసన చూసి తృప్తిపడే దురదృష్టం ఆయనది. ఆ గతి ఈ పిల్లకు పట్టకూడదని డాక్టరు కుర్చీ పక్కనే గట్టిగా అనుకున్నాడు. అందులో అబద్ధం లేదు.

డాక్టరు దగ్గర ఒక చిన్న సీసా ఉంది. విదేశంలో చదువుకుంటున్న స్నేహితుడు పంపిన కొత్త మందు. పంటి మీది సన్నటి గాడుల్లో పూస్తే గట్టిపడి, తిండి ఇరుక్కోకుండా కాపాడుతుందట.

"పడవకు గుగ్గిలం మాదిరా?"

"అంతే అనుకోండి. పన్ను మటుకు శుభ్రంగా, పొడిగా ఉండాలి."

"ఆ సంగతి నాకు చెప్పబాకండి సార్" అని ముత్యాలయ్య నవ్వాడు.

డాక్టరు సీసా మూత తీయబోయాడు. అక్కడే పూయించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ప్రెసిడెంటు మనవరాలి పన్ను నాలుగు గోడల మధ్య, దొంగచాటుగా బాగుపడటమా? పదిమందికీ తెలియని మంచి జరిగినట్టా, జరగనట్టా? ముత్యాలయ్య డాక్టరు చెయ్యి పట్టుకుని ఆపాడు. "మా ఊళ్ళో సభ పెడతా, రండి" అన్నాడు.

సభ దివ్యంగా జరిగింది. అల్లూరు నుంచి మైకు వచ్చింది. పిల్లలను ఎండలో నిలబెట్టి పంటి ఆరోగ్యం మీద పాట పాడించారు. ముత్యాలయ్య మాట్లాడుతూ, "నేటి బాలల దవడలే రేపటి దేశానికి పునాదులు" అన్నాడు. దాని అర్థం ఎవరికీ తెలియలేదు కాబట్టి చప్పట్లు చాలాసేపు మోగాయి.

మందు పూయడం మర్యాద ప్రకారం పెద్దలతో మొదలైంది. మాజీ మునసబు పద్మనాభయ్య గారు కట్టుడుపళ్ళు తీసి డాక్టరు చేతిలో పెట్టి, "వీటికీ ఒక పూత వేయండి, ముందుజాగ్రత్త మంచిది" అన్నాడు. తెల్లబోయిన డాక్టరు చెవిలో ముత్యాలయ్య చెప్పాడు: "కానీండి సార్, ఆయన మాట కాదంటే ఊళ్ళో తిరగలేను." రెండే పళ్ళున్న ఇంకో ముసలాయన రెంటికీ పూయించుకున్నాడు. మస్తానమ్మ వంతు వచ్చేసరికి సీసా అడుగున ఒక్క పన్నుకు సరిపడా మిగిలింది.

డాక్టరు పన్ను కడిగాడు. పూత గట్టిగా పట్టడానికి పుల్లటి మందు రాశాడు. మళ్ళీ కడిగి, దూది పెట్టి, ఊది ఊది ఆరబెట్టాడు. కుంచె ఎత్తాడు.

"ఆగండాగండి!" అన్నాడు ముత్యాలయ్య. "శుభమా అని పని మొదలుపెడతా, పిల్లకు నోరు తీపి చేయకపోతే ఎట్లా?"

డాక్టరు వద్దనేలోపే మేళం మోగింది. బెల్లం ముక్క పిల్ల నోట్లో పడింది. మళ్ళీ కడగాలన్నాడు డాక్టరు. బిందెలో నీళ్ళు ఉపన్యాసకులు తాగేశారు. ఇంకోరోజు పూద్దామన్నాడు, ఫొటో తీసేవాడు బస్సుకు పోవాలన్నాడు. అప్పటికే మెడలో దండ వేయించుకున్న డాక్టరు ఎంతని కాదనగలడు? ఫొటోలో ముగ్గురూ బాగా పడ్డారు. బెల్లం మీద పూత మెరిసిపోయింది.

ఆ క్షణంలో ముత్యాలయ్య వేళ్ళకు మాత్రం ఏదో తెలిసింది. ఒక కూలివాడు ఆయన కళ్ళ ముందు ఆ పని చేసి ఉంటే వాణ్ణి కాలువలోకి నెట్టేవాడు. కానీ అప్పుడే ఆయన్ను వందన సమర్పణకు పిలిచారు.

ఇక పూత ఉంది కదా అని పిల్లకు బెల్లం రెట్టింపయింది. మరుసటి ఎండాకాలం మస్తానమ్మ దవడ గుమ్మడికాయంత వాచింది. నెల్లూరులో డాక్టరు ఆ పన్ను తీసి పళ్ళెంలో పెట్టాడు. పైన పూత ఒకవైపు ఇంకా నిగనిగలాడుతోంది, లోపల పన్ను లేదు. ముత్యాలయ్యకు తాను చేసిన పాపమంతా ఆ కుర్చీ పక్కనే కంటికి కనపడింది. ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

"తాతా, మళ్ళీ వస్తదా?" అంది పిల్ల, నోట్లో దూదితో.

గంటసేపు మైకు వదలనివాడు "రాదమ్మా" అని పిల్ల చెవిలో మెల్లగా చెప్పాడు.

ఊళ్ళో విచారణ సంఘం కూర్చుంది. కారణాలు తేలాయి: ఉప్పుగాలి, పరాయి దేశపు మందు, పొరుగున ఉన్న ఇందుకూరుపేట వాళ్ళ దిష్టి. బెల్లం పేరు ఎవరూ ఎత్తలేదు. అది మనది. ముత్యాలయ్య ఎత్తబోతే, "బాధలో ఏదేదో మాట్లాడతన్నాడు, పాపం" అని కూర్చోబెట్టారు.

పూత మహోత్సవం వార్షికోత్సవం వచ్చే ఆదివారం. మస్తానమ్మ అదే వేదిక మీద కూర్చుని, మిగిలిన వైపుతో నమలడం అలవాటు చేసుకుంటుంది. మీరూ తప్పక వస్తారు. చిన్నపిల్ల ఉన్న ఇంటికి ఒట్టి చేతులతో రావడం మీకూ అలవాటు లేదని మాకు తెలుసు.