విశ్రాంతి స్థలం నంబరు ఒకటి

నగరం గొప్పతనాన్ని భవనాల ఎత్తుతో కొలవడం పాతకాలపు పద్ధతి. ఫిర్యాదు చేసిన పౌరుడికి 'ధన్యవాదాలు' ఎన్ని క్షణాల్లో అందుతాయన్నదే అసలైన కొలత. ఆ లెక్కన ఈ కథలోని నగరపాలక సంస్థకు సాటి లేదు. తన దుకాణం ముందున్న గుంత గురించి దర్జీ ఫోనులో ఫిర్యాదు పెట్టి వేలు తీసేలోపే ధన్యవాదాలు వచ్చేశాయి. (ఆ గుంత విషయంలో ఆలస్యం కాకుండా అందినది అదొక్కటే.)

గుంత మరీ పెద్దదేమీ కాదు. కాలువ మీది పలక విరిగి రోడ్డు అంచున జానెడు లోతున, కత్తిరింపు బల్లంత వెడల్పున పడింది. ప్యాంటు కొలతలివ్వడానికొచ్చిన లెక్చరరు అందులో కాలేసి, కొలతలివ్వకుండానే కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు పోస్టుమ్యాన్ సైకిలుతో సహా దిగాడు. అది చూసి, లోపల చొక్కాలకు గుండీలు కుడుతున్న దర్జీ తల్లి లేచి నిలబడింది.

"ఒరే, నా కుర్చీ పట్టుకెళ్ళి ఆ గుంతలో పెట్టు. పైన ఎర్రగుడ్డ కట్టు. ఎవడో కాలు విరగ్గొట్టుకుంటే ఆ ఉసురు మనకెందుకు?"

"మరి నువ్వెక్కడ కూర్చుంటావమ్మా?"

"రెండ్రోజులేగా. వాళ్ళొచ్చి పూడ్చేస్తారు."

ఆమె వయసుకు ఆ నమ్మకం తగినది కాదు. మోకాళ్ళ నొప్పుల మనిషి. నేల మీద కూర్చోలేదు, స్టూలు మీద నిలవలేదు. చేతులున్న ఆ పాత చెక్క కుర్చీ ఒక్కటే ఆమెకు సరిపడేది. అది బయటికెళ్ళిన నాటి నుంచి దుకాణంలో చొక్కాలన్నీ గుండీల్లేకుండా వేలాడసాగాయి. పని లేని ఆమె చేతులు మాత్రం ఊరికే ఉండలేక కొడుకు తప్పులు లెక్కపెట్టసాగాయి.

పన్నెండో రోజున పరిసరాల మెరుగుదల విభాగం పరిశీలకుడు వచ్చాడు. మర్యాదస్తుడు. ఫోటో తీసుకుని, ఫోనులో జాబితా తెరిచి, పైకీ కిందికీ చాలాసేపు జరిపాడు.

"ఇందులో గుంత అని లేదండీ."

"కళ్ళ ముందే ఉంది కదా సార్."

"ఉంది, నేను కాదనట్లేదు. కానీ మనది గుంతల్లేని నగరమని పోయినేడాదే ప్రకటించేశారు. అప్పుడే ఆ మాట తీసేశారు. చెట్టు, దీపం, కుళాయి, ఆసనం, ఇవే ఉన్నాయి." ఫోటో వంక మరోసారి చూసి ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఆసనం ఉందిగా."

"అది మా అమ్మదండీ."

"అమ్మగారికి మా ధన్యవాదాలు చెప్పండి."

సాయంత్రానికల్లా సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మీ వీధిలో ఆసనం ఏర్పాటైంది. వారం తిరక్కుండా పెయింటరు వచ్చి కుర్చీ వీపు మీద 'విశ్రాంతి స్థలం నం. 1' అని రాసి, ఎర్రగుడ్డ విప్పి ఆకుపచ్చది కట్టాడు. (ఎరుపు చూస్తే పౌరులు అకారణంగా జాగ్రత్తపడతారని ఉత్తర్వు.)

దర్జీ ఇక లాభం లేదని కుర్చీ లోపలికి తెచ్చుకోబోయాడు. ఎదురుగా సెలూను నడిపే బావమరిది కత్తెర పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"బావా, అంత పని చేయకు. సంస్థ ఆస్తిని నువ్వెత్తుకెళ్తే, నిన్ను వాళ్ళెత్తుకెళ్తారు."

"నా కుర్చీ నేను తెచ్చుకుంటే దొంగతనమా?"

"దాని వీపు మీద నీ పేరుందా, వాళ్ళ రాతుందా?"

దర్జీ సంస్థ ఆఫీసుకెళ్ళాడు. ఆసనాల ఉప అధికారి కూర్చోమన్నాడు. (అక్కడ కుర్చీ లేదు.) కుర్చీ తీయాలంటే దాని కింద గుంత లేదన్న ధ్రువపత్రం కావాలన్నాడు.

"గుంతల్లేని నగరమన్నారుగా సార్, ఆ పత్రమేదో మీరే ఇచ్చేయండి."

ఉప అధికారి పెన్ను తీశాడు. ఆలోచించాడు. మళ్ళీ మూత పెట్టాడు. "చూడకుండా ఎలా ఇస్తామయ్యా? చూడాలంటే కుర్చీ తీయాలి."

సంగతంతా విని తల్లి చొక్కాల మూట చంకన పెట్టుకుంది. "విశ్రాంతి స్థలమన్నారుగా. విశ్రాంతి తీసుకుంటే వద్దంటారా?" అని వెళ్ళి, పాదాలు గుంతలో పెట్టి, తన కుర్చీలో తను కూర్చుని గుండీలు కుట్టసాగింది. లెక్చరరు ధైర్యం చేసి కొలతలివ్వడానికి వచ్చాడు. సంస్థ వాళ్ళూ వచ్చి ఆమె ఫోటో తీసుకెళ్ళి 'లబ్ధిదారు' అని ఆఫీసు గోడకు తగిలించారు. అందరూ సుఖంగా ఉన్న ఆ మూడు వారాలను నగర చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

నాలుగో ఆదివారం వాన పడింది. ఆమె ఇంట్లోనే ఉంది. మంగళవారం పోస్టుమ్యాన్ సైకిలు దిగి, గుంత చుట్టూ తిరిగొచ్చి నోటీసు ఇచ్చాడు: 'ఆదివారం నాడు సదరు లబ్ధిదారు విశ్రాంతి తీసుకోలేదని గమనించడమైనది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

తల్లి దాన్ని రెండుసార్లు చదివించుకుని దారం కొరికింది. "వానకి కాళ్ళు తడుస్తాయని రాలేదని రాయి. ఉన్నదున్నట్టు రాయి."

దర్జీ ఉన్నదున్నట్టు రాశాడు. క్షణంలో ధన్యవాదాలు వచ్చాయి. వెనకే ఉత్తర్వూ వచ్చింది: లబ్ధిదారుకు ఆదివారాలు సెలవు మంజూరైనది; ఆసనం ఖాళీగా ఉండరాదు గనుక ఆ రోజున కుమారుడు కూర్చోవలెను; వాన పడితే పాదాలు పైకి పెట్టుకోవచ్చును.

దర్జీ ఇప్పుడు ప్రతి ఆదివారం గొడుగేసుకుని అక్కడే కూర్చుంటున్నాడు. ఆ వీధిలో గుంత లేదు.