ఆడవాళ్ళ హాల్లో ఇనుము

ఇలా దగ్గరికి జరగండమ్మా, చెవి ఇటు పెట్టండి. ఆడదాని ఒంటికి ఇనుమంత ప్రమాదం ఈ లోకంలో మరొకటి లేదని మా పేట వ్యాయామశాల ఆఫీసు తేల్చింది. అందుకోసమే మహిళా భారాల సంరక్షణాధికారి అనే పదవి పుట్టింది. (ఆయన సంరక్షించేది మహిళలనో, భారాలనో పైవాళ్ళు ఇంకా తేల్చలేదు.)

మా తోడికోడలు దర్జీ. అరవై దాటాక ఎముకలు గుల్లబారాయి. కింది అరలోంచి బట్టల తాను ఎత్తలేదు, ఎవరైనా చెయ్యిస్తేగాని కుర్చీలోంచి లేవలేదు. కొట్టు మూసెయ్యమని కూతురు పట్టుబట్టింది. కొట్టు మూస్తే ఆవిడ సగం పోయినట్టే.

"మాత్రలొక్కటే చాలవండీ, బరువులెత్తాలి," అంది డాక్టరమ్మ. "కొంచెం కొంచెంగా పెంచాలి, మధ్యలో ఒంటికి విశ్రాంతివ్వాలి. పని చెబితేనే ఎముక గట్టిపడేది."

ఇద్దరం వ్యాయామశాలకి వెళ్ళాం. అధికారి గారు మా చేతుల్లో గులాబీ రంగు ప్లాస్టిక్ గుండ్లు పెట్టారు. లోపల ఉత్త గాలి.

"మా మనవడి గిలక్కాయే ఇంతకన్నా బరువయ్యా," అంది తోడికోడలు.

"ఇనుము ఎత్తితే కండలొస్తాయి పిన్నిగారూ."

"కండలు రావాలనే కదయ్యా వచ్చింది."

"అదే ప్రమాదం."

ఇంతలో ఉత్తర్వు వచ్చింది. ఇనుప బరువులు ఆడవాళ్ళ కంటపడకుండా మేడమీది గదిలో పెట్టి తాళం వేయాలట. మోసే మనుషులు లేరు గనక మమ్మల్నే మోయమన్నారు. (మోస్తే సర్దడం, ఎత్తితే వ్యాయామం. నిషేధం రెండోదానికే.) తనిఖీవాళ్ళు రోజు విడిచి రోజు వస్తారు. వాళ్ళు వచ్చినప్పుడు బరువులు హాల్లో లేకపోతే తప్పు, వెళ్ళాక ఉంటే తప్పు. అందుచేత ఆ లెక్కనే కిందికి దించాం, పైకి ఎక్కించాం. మా పనితనానికి ముచ్చటపడి అధికారి గారు వారవారం ఇంకాస్త పెద్దవి అప్పగించారు.

"నడుం వంచకండి పిన్నిగారూ, మోకాళ్ళు వంచి మెల్లగా దించండి. నేల పగిలితే నేను జవాబు చెప్పుకోవాలి."

చలికాలం వెళ్ళేసరికి తోడికోడలు ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి నిలబడింది. తానులు భుజాన వేసుకుని తిరిగింది. కూతురు కొట్టు సంగతి ఎత్తడం మానేసింది.

ఇనుము తాకనివ్వనందువల్లే మహిళల ఎముకలు బాగుపడ్డాయని అధికారి గారు పైకి నివేదిక పంపారు. పైవాళ్ళు మెచ్చి, మోయడానికి ఇద్దరు కూలీలనిచ్చారు. మమ్మల్ని కూర్చోమన్నారు.

"కూర్చుంటే మళ్ళీ మొదటికొస్తాను, అక్కా," అని తోడికోడలు తిన్నగా ఆఫీసుగదిలోకి నడిచింది.

"మేడమీద ఇనుమంతా దుమ్ము కొట్టుకుపోయింది బాబూ. బయటికి తీసి తుడవద్దూ?"

"మీకెందుకండీ శ్రమ," అంటూనే ఆయన తాళంచెవి చేతిలో పెట్టారు.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ అక్కచెల్లెళ్ళకీ కోడళ్ళకీ చెప్పండి. ఎవరైనా ఆపి అడిగితే తుడుస్తున్నామనండి. తుడిచే ఆడదాన్ని ఇంతవరకు ఏ ఆఫీసూ ఆపలేదు.