నీళ్ళు పోసుకున్న ఫోను

ఆనాటి ఉదయం ఆ ఇంటి కార్యక్రమం నిరాడంబరమైనది. మధ్యాహ్నం కోడలికి ఫోనులో ఇంటర్వ్యూ. అంతవరకు ఇంట్లో ఎవరూ గొంతు పెంచరాదు. ఫోన్లు తయారుచేసే ఒక కంపెనీలో, వినియోగదారుల ఫిర్యాదులకు సమాధానం చెప్పే ఉద్యోగం. ఆమె ఎంతో కాలంగా ఎదురుచూసిన అవకాశం.

మామగారు విశ్రాంత ఆంగ్లోపాధ్యాయులు. అచ్చయిన వాక్యాన్ని అనుమానించడం ఆయన స్వభావం కాదు. కోడలి ఫోను తెరకు పిండి అంటుకొని ఉండటం గమనించారు. ఫోను ఆ కంపెనీదే. డబ్బామీది ‘వాటర్ రెసిస్టెంట్’ అన్న మాటను కళ్ళద్దాలు పెట్టుకొని మరీ చదివి, ఫోనును కుళాయి కింద ఉంచి, సబ్బుతో శుభ్రంగా తోమారు. అది ఒకసారి మెరిసి, కన్నుమూసింది.

"మావయ్యగారూ! ఎంత పని చేశారండీ!"

"నీకు కాబోయే యజమానుల మాట నేనే నమ్మకపోతే ఎవరు నమ్ముతారమ్మా?"

ఇద్దరూ సర్వీస్ సెంటరుకు పరుగెత్తారు. మేనేజరు ఫోను విప్పి పెదవి విరిచాడు.

"లోపలికి నీళ్ళు పోయాయండీ. వారంటీ రాదు."

"నీళ్ళని తట్టుకుంటుందని రాశారు కదయ్యా! తట్టుకోలేదేం?"

"తట్టుకోడానికి చాలా ప్రయత్నించిందండీ. పాపం, సబ్బు కూడా పెట్టారు."

ఆ ‘పాపం’ మాస్టారికి పుండుమీద కారం చల్లినట్లయింది. ‘రెసిస్టెంట్’ అనే విశేషణానికి ధాతువు మొదలుకొని వ్యాఖ్యానం ప్రారంభించారు. వెనుక వరుస పెరిగింది. కోడలు ఆయన చెవిలో వేసింది.

"నా ఫోన్ కలవకపోతే కంపెనీవాళ్ళు అమ్మ నంబరుకి చేస్తారండీ. అదే ఇచ్చాను. అమ్మని త్వరగా ఇక్కడికి రమ్మనండి."

మాస్టారు తన ఫోను తీసి, ఎన్నడూ లేనిది, కాస్త చమత్కరించారు.

"చెల్లెమ్మా, అమ్మాయికి ఫోన్ చెయ్యకండి. పొద్దున్నే నీళ్ళు పోసుకుంది. సర్వీస్ సెంటర్లో ఉన్నాం, వెంటనే రండి."

పరుల వాక్యాలలో కర్త లోపిస్తే సహించని ఆయన, తన వాక్యంలో కర్తను పెట్టడం మరచారు. వియ్యపురాలు సగం వీధికి శుభవార్త పంచి, ఆనందబాష్పాలతో దిగింది. దిగుతూనే మేనేజరును కుర్చీలోంచి లేపి కూతురిని కూర్చోబెట్టింది.

"వట్టి మనిషి కాదు, దీన్ని నిలబెడతారా? అన్నయ్యగారూ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా ఫోన్ల కొట్టుకి తెచ్చారేంటండీ?"

ఎవరైనా నోరు విప్పేలోగా ఆమె సంచిలో ఫోను మోగింది.

"ఆఁ, మా అమ్మాయేనండీ! కానీ ఇప్పుడు ఉద్యోగం గిద్యోగం ఏంటండీ? నీళ్ళోసుకుంది!"

కోడలు ఒక్క ఉదుటున ఫోను లాక్కుంది. "అమ్మా! నీళ్ళోసుకుంది నేను కాదు, నా ఫోను!"

వరుసంతా గొల్లుమంది. మాస్టారు బల్ల గుద్దారు.

"నవ్వుతారేం? కొత్త ఫోన్ ఇచ్చేదాకా కదిలేది లేదు!"

కోడలి ఓపిక తెగింది. ఫోను చెవిదగ్గరే ఉన్న సంగతి మరచింది.

"మావయ్యగారూ, తట్టుకోవడమంటే తడవకపోవడం కాదండీ! గొడుగేసుకున్నవాణ్ణి చెరువులోకి తోసేసి, గొడుగు పనిచెయ్యలేదంటే ఎలా? సబ్బెట్టి తోమితే మీరైనా ఊపిరి తిప్పుకుంటారా? కూర్చోండి ముందు!"

మాస్టారు కూర్చున్నారు. అవతలి గొంతు మెల్లగా అడిగింది.

"ఆ పెద్దాయన నిజంగానే కూర్చున్నారా అమ్మా?"

"కూర్చున్నారండీ."

"అయితే సోమవారం వచ్చి చేరిపోండి."

సోమవారం కోడలి బల్లమీదికి వచ్చిన మొదటి ఫిర్యాదు మామగారిదే. ఆమె దానిని అత్యంత మర్యాదగా తిరస్కరించింది. ఆ ఉద్యోగం తన చలవేనని మాస్టారు నేటికీ అందరికీ చెబుతారు. ఎలాగన్నది మాత్రం చెప్పరు.