డుంబ్రిగుడకు వచ్చిన కెర్నల్

ఆ సంత రోజు ఉదయం సరళ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ గింజలు వేపే మిషనును నడిపించే కంప్యూటరులో పాత కెర్నల్ తీసేసి, తను తయారుచేసిన కొత్త కెర్నల్ ఎక్కించాలి. మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి, ఆ మిషను ఇచ్చిన సర్కారువారి ప్రాజెక్టు ఆఫీసరు రామారావు వచ్చేసరికి మిషను సరిగ్గా పనిచేస్తూ కనిపించాలి. కనిపించకపోతే దాన్ని విప్పించి, లారీలో కిందికి పట్టుకుపోతానని ఆయన ముందే చెప్పాడు. ఊరికే చెప్పే మనిషి కాడు కాబట్టి లారీని కూడా మాట్లాడుకునే బయలుదేరాడు.

డుంబ్రిగుడ కాఫీ రైతుల సంఘానికి ఆ మిషను వచ్చిన నాటి నుంచీ ఒకటే గొడవ. గింజలు వేగి చిటపటలాడడం మొదలుపెట్టాక, సరైన క్షణంలో తలుపు తెరిచి వాటిని కింది పళ్ళెంలోకి దింపెయ్యాలి. ఆ తలుపు తెరిచేది కంప్యూటరు. సరిగ్గా అప్పుడే అది ప్రింటరుతోనో, తెర మీది బొమ్మలతోనో తీరిక లేకుండా ఉండేది. చేతిలో పని ముగించుకుని నింపాదిగా తలుపు తెరిచేసరికి గింజలు బొగ్గయ్యేవి. కంప్యూటరు లోపల ఏ పని ముందు, ఏ పని తర్వాత అని తేల్చే పెద్దరికం కెర్నల్‌ది. ఆ పెద్దరికం సరిగ్గా లేక, కొండ మీద పండిన మంచి కాఫీ అంతా మాడువాసన కొడుతోంది.

సరళ అదే ఊరి రైతు సోంబరు కూతురు. ఇంజనీరింగు చదివి వచ్చి, సంఘంలో మిషను చూసుకునే పనిలో చేరింది. లినక్సు కెర్నల్ తెచ్చుకుని, దానికి రియల్ టైమ్ మార్పులు జతచేసింది. అంటే ఎన్ని పనులు మీద పడినా, తలుపు తెరవాల్సిన క్షణం వస్తే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు తలుపు తెరవాలన్నమాట. తర్వాత అక్కర్లేని భాగాలన్నీ, చోళ్ళలో, అంటే రాగుల్లో, రాళ్ళు ఏరినట్టు ఏరి పారేసింది. కెర్నల్ ఎంత సన్నబడితే ఆమెకు అంత ముచ్చటేసింది. ఆ ముచ్చటలో ఏరకూడనిది కూడా ఒకటి ఏరేసిందన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

బయలుదేరే ముందు తండ్రికి చెప్పింది. "అయ్యా, ఇయ్యాల కొత్త కెర్నల్‌ని ఎక్కిస్తన్నాను."

"పాతోడికి ఏటైంది?" అన్నాడు సోంబరు. తన కోసం పనిచేసే దేన్నయినా మనిషిలా పిలవడం ఆయనకు అలవాటు. ఎడ్లు, రేడియో, కాఫీ మిషను, అన్నీ ఆయనకు 'ఆడే'.

"పిలిస్తే టైముకి పలకదు. కొత్తది టైమంటే టైమే."

సోంబరుకు అంతకు మించి అర్థం కాలేదు. కానీ కూతురు ఏదో గొప్పపని చేస్తోందని మాత్రం బాగా అర్థమైంది. ఆ గొప్ప ఇంట్లో పట్టక సంతకు బయలుదేరాడు.

సంతలో సూర్యనారాయణ ఉప్పు, పప్పు, చింతపండు పరుచుకుని కూర్చున్నాడు. అరకులో కిరాణా కొట్టు ఉన్న వ్యాపారి. వెనక విశాఖలో మిలట్రీ క్యాంపు పక్కన కొట్టు నడిపిన అనుభవం ఉంది కనక, ఇంగ్లీషు విషయంలో చుట్టుపక్కల ఆయన మాటే ఆఖరు మాట.

"ఇయ్యాల మా గుంట కొత్త కెర్నల్‌ని తెత్తంది సావుకారీ," అన్నాడు సోంబరు. "తనే దగ్గరుండి తయారు సేసింది. ఎన్ని పనుల్లో ఉన్నా టైముకి పలుకుతాడట."

సూర్యనారాయణ త్రాసు కింద పెట్టేశాడు. ఆ మాట రాయడం కల్నల్ అని రాస్తారనీ, పలకడం మాత్రం సోంబరు పలికినట్టే పలకాలనీ, పట్నంలో చదువుకున్నవాళ్ళకు కూడా ఈ తేడా తెలియదనీ వివరించాడు. కల్నల్ అంటే మిలట్రీలో చాలా పెద్ద ఆఫీసరు. తన ఇంగ్లీషు అంత శుద్ధంగా ఉందని తెలిసి సోంబరు మురిసిపోయాడు. ఎక్కించేది కంప్యూటరులోకి కదా అని ఒక చిన్న అనుమానం వచ్చింది కానీ, అంతటి మెప్పు ముందు అది నిలవలేదు. మిలట్రీ ఆయనకు తన కూతురు పని నేర్పిందన్న సంగతి అన్నిటికన్నా నచ్చింది.

కబురు బుట్టల మధ్య నుంచి, కోళ్ళ మీదుగా సంతంతా తిరిగింది. తిరిగి సోంబరు దగ్గరికి వచ్చేసరికి బాగా ఎదిగింది. మిషను చూసుకోడానికి సర్కారు ఒక కల్నల్‌ని వేసిందట. ఆయన వచ్చాక మిషనును కొండ దింపే దమ్ము ఎవరికీ ఉండదట. సైన్యంలో చేసి రిటైరైన గాసి ఇది విని, నేరుగా ఇంటికి పోయి పెట్టె తెరిచాడు. యూనిఫారం బొత్తాలు పొట్ట దగ్గర కలవలేదు. పైన స్వెట్టరు వేసుకుని, ఎండలో చెమటలు కక్కుతూ వచ్చి స్వాగతం పనులు చేతిలోకి తీసుకున్నాడు. సంతకొచ్చిన ఆడవాళ్ళను పోగుచేసి ధింసా నాట్యానికి వరస కట్టించాడు. డప్పులు వచ్చాయి, మోరి సన్నాయి ఊదేవాడు వచ్చాడు. సూర్యనారాయణ తన ఖర్చుతో బంతిపూల దండలు తెప్పించాడు. మిలట్రీవాళ్ళు వస్తే సరుకులు బాగా పోతాయని ఆయనకు తెలుసు.

గదిలో కంప్యూటరు ముందున్న సరళకు డప్పులు వినిపించాయి. తలుపు సందులోంచి చూస్తే, ఊరంతా దండలు పట్టుకుని నిలబడి ఉంది. ఏమిటిదంతా అని అటుగా పోతున్న ఒకావిణ్ణి అడిగితే, "మీ కెర్నల్ కోసమే గుంటా," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. సరళకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక సాఫ్టువేరు కోసం ధింసా ఆడే ఊరు దేశంలో ఇంకోటి ఉండదనుకుంది. అంత ఆనందంలో పాస్‌వర్డు తప్పు కొట్టింది.

సరళ తప్ప ఊళ్ళో ఇంకెవరూ ఎప్పుడూ చూడని రామారావు జీపు దిగేసరికి గాసి కాలు నేలకు కొట్టి సెల్యూట్ చేశాడు. మెడలో దండలు పడ్డాయి, భుజాల మీద శాలువా పడింది. మిషను పట్టుకుపోవడానికి వస్తే తిట్లు తప్పవని గుండె రాయి చేసుకుని వచ్చిన మనిషి, ఈ మర్యాదకు కరిగిపోయాడు. కొండజనం మనసు ఎంత గొప్పదో అని వెనకనున్న లారీ డ్రైవరుతో అన్నాడు. లారీ ఎందుకొచ్చిందని గాసిని ఎవరో అడిగితే, కల్నల్ గారి సామాన్లు ఉంటాయి కదా అన్నాడు.

సోంబరు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "మమ్మల్ని వదిలి ఎల్లిపోరు కదా బాబూ? ఇక్కడే ఉంటారు కదా?"

భోజనానికి ఉండమంటున్నారనుకున్నాడు రామారావు. "ఉండకుండా ఎలా వెళ్తాను," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ధింసా మొదలైంది.

లోపల సరళ కంప్యూటరును కొత్త కెర్నల్‌తో లేపింది. తెర మీద అక్షరాలు బిలబిలమంటూ పరుగెత్తి, ఒక్కసారిగా ఆగిపోయాయి. అడుగున ఒక ఇంగ్లీషు వాక్యం మిగిలింది. అది చూడగానే ఆమెకు తన తప్పేమిటో తెలిసిపోయింది. అక్కర్లేనివన్నీ ఏరుతూ, డిస్కును చదివే భాగాన్ని కూడా ఏరి పారేసింది. కెర్నల్ లేచింది, ఎక్కడున్నానో తెలియక బిత్తరపోయి కూలబడింది.

సరిగ్గా అప్పుడే సూర్యనారాయణ, కల్నల్ గారి గది ఎలా ఉందో చూద్దామని కిటికీలోంచి తొంగిచూశాడు. తెర మీది వాక్యాన్ని కూడబలుక్కుని చదివాడు. కెర్నల్ పానిక్, నాట్ సింకింగ్. స్పెల్లింగు కొంచెం తేడాగా ఉంది కానీ, కంప్యూటరు కదా, పలికినట్టే రాసుకుంటుందని సర్దుకున్నాడు. గబగబా గుంపులోకి వచ్చి గాసి చెవిలో చెప్పాడు. "కల్నల్ గారికి పానిక్ వచ్చిందట. లోపల కంప్యూటర్లో పడింది. మునిగిపోయేంత ప్రమాదం లేదని కూడా రాసుంది, అదొక్కటే నయం."

అందరూ రామారావు వైపు చూశారు. దండల కింద, శాలువా కింద, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన నిజంగానే చెమటతో తడిసిపోయి ఉన్నాడు. ఇంకేం కావాలి. గాసి సైన్యంలో నేర్చుకున్న ప్రథమ చికిత్స మొదలుపెట్టాడు. ఆయన్ను నులకమంచం మీద పడుకోబెట్టి, బూట్లు విప్పించి, కాళ్ళు ఎత్తి బియ్యం బస్తా మీద పెట్టించాడు. నలుగురు విసనకర్రలతో విసిరారు. తనకేమీ కాలేదని రామారావు ఎంత చెప్పినా, పెద్ద ఆఫీసర్లు అలాగే అంటారని గాసి ఎవర్నీ నమ్మనివ్వలేదు.

ఇంతలో సరళ తలుపు దగ్గరికి వచ్చి, ముఖం పాలిపోయి, తండ్రిని పిలిచింది. "అయ్యా, కెర్నల్ పడిపోయింది. తప్పు నాదే. గంటలో లేపుతాను. అందాకా ఎవరూ కదపకండి." అని తలుపేసుకుంది. సోంబరు ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గాసికి అప్పజెప్పాడు.

రామారావు లేవబోయిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ప్రేమగా వెనక్కి పడుకోబెట్టారు. చోడి అంబలి తాగించారు. ఒక ముసలామె ఆయన నుదుటి మీద ఏదో ఆకు పసరు రాసింది. లోపల సరళ పారేసిన భాగాన్ని తెచ్చి పెట్టి, కెర్నల్‌ను మళ్ళీ మొదటి నుంచి కట్టింది. పాత కంప్యూటరు, తొందరపెడితే వినేది కాదు. తెర మీద ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటీ కదులుతుంటే, ముచ్చటపడి పనిచెయ్యడం ఇదే ఆఖరని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు ఎక్కువసేపు నిలవలేదు. కంప్యూటరు ఈసారి తడబడకుండా లేచేసరికి ఆమెకు మళ్ళీ ముచ్చటేసింది.

ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చింది. "కెర్నల్ లేచింది," అంది.

జనమంతా మంచం వైపు చూశారు. రామారావు పడుకునే ఉన్నాడు. సరళ కూడా అటు చూసి, మంచం మీద దండలతో, పసరుతో ఉన్నది ప్రాజెక్టు ఆఫీసరని గుర్తుపట్టి నోరు తెరిచింది. కెర్నల్ ఎవరో, ఎవరు కాదో తేలడానికి కొంతసేపు పట్టింది. తేలాక డప్పులు ఆగిపోయాయి. గాసి స్వెట్టరు కిందికి లాక్కున్నాడు. సూర్యనారాయణ చింతపండు ఎండకు పాడవుతుందని గొణుక్కుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు. సోంబరు మాత్రం కదల్లేదు. ఊరి ముందు నవ్వులపాలయ్యానని కాదు, కూతుర్ని నవ్వులపాలు చేశానని ఆయన మొహం చిన్నబోయింది.

రామారావు కాళ్ళు బస్తా మీంచి దించుకుని బూట్లు తొడుక్కున్నాడు. ఆ మర్యాద తనది కాదని తెలిశాక ఆయనలోని ఆఫీసరు పూర్తిగా మేలుకున్నాడు. "మిషను విప్పండి. లారీలో ఎక్కించండి," అన్నాడు.

సరళ అడ్డం నిలబడింది. "ఒక్క వాయి వేపనివ్వండి సార్. మాడితే నేనే ఎక్కించి పంపిస్తాను."

గదినిండా జనం చేరారు. గింజలు డ్రమ్ములో తిరుగుతున్నాయి. మిషను తిక్క ఎక్కడుందో రామారావుకు బాగా తెలుసు. వేడి పెరుగుతుండగా ప్రింటరు నొక్కమన్నాడు. ప్రింటరు కీచుమంది. తెర మీద బొమ్మలన్నీ తెరవమన్నాడు. సరళ తెరిచింది. అంతటితో ఊరుకోక, తనే ఇంకో పెద్ద పని కూడా కంప్యూటరు నెత్తిన పెట్టింది. తెర కదలడం మానేసింది. మౌసు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ప్రింటరు సగం కాగితం బయటపెట్టి మూలిగింది. రామారావు పాపం అన్నట్టు సరళ వైపు చూసి నవ్వాడు.

డ్రమ్ములో గింజలు చిటపటమన్నాయి. కంప్యూటరు తెర చచ్చినట్టే ఉంది. తలుపు మాత్రం టక్కున తెరుచుకుంది. ఎండుటాకు రంగులో, నిగనిగలాడుతూ గింజలు పళ్ళెంలోకి జలజల రాలాయి. ఒక్కటి మాడలేదు. ఆ గదిలో మొట్టమొదటిసారి మాడువాసన లేని కాఫీ వాసన లేచింది. తెర ఆ తర్వాత తీరిగ్గా కదిలింది, ప్రింటరు తన మిగతా కాగితాన్ని బయటపెట్టింది.

ముందు కదిలింది గాసి. కంప్యూటరు ఎదుట మడమలు కలిపి, నిటారుగా సెల్యూట్ కొట్టాడు. ఎవరో నవ్వబోతే తిరిగి చూశాడు. "ర్యాంకు ఏదైతే ఏటి? ఎన్ని పనులున్నా టైముకి డ్యూటీ సేసినోడికి సెల్యూట్ కొట్టాల."

సోంబరు పళ్ళెంలోంచి ఒక గింజ తీసి కొరికి చూశాడు. అది తన తోటలోదే. చాలాసేపు నమిలి, "మా గుంట సేసింది," అన్నాడు. ఇంకో గింజ తీసి నోట్లో వేసుకున్నాడు. సరళ తల వంచుకుని ప్రింటరు కాగితం చింపింది, కానీ పెదవుల మీది నవ్వును దాచుకోలేకపోయింది.

రామారావు కాఫీ తాగాడు. రెండో గ్లాసు అడిగి తాగాడు. మిషను ఇక్కడి నుంచి కదిలే ప్రశ్నే లేదని, ఏ పని మీద వచ్చాడో దానికి పూర్తి వ్యతిరేకంగా, తనే ప్రకటించాడు. ఊరికే వచ్చిన లారీలో ధింసా ఆడిన ఆడవాళ్ళను వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో దింపించాడు. వెళ్తూ వెళ్తూ, చింతూరులో జీడిపిక్కలు వేపే మిషను కూడా ఇలాగే సతాయిస్తోందని, ఈ కెర్నల్‌ను అక్కడ కూడా పెట్టాలని సరళను కోరాడు. చింతూరువాళ్ళకు తానే ఫోను చేసి, సరళగారు కెర్నల్‌ను వెంటబెట్టుకుని వస్తున్నారని గర్వంగా చెప్పాడు.

సరళ కెర్నల్‌ను సీడీలోకి ఎక్కించుకుని బయలుదేరడానికి సిద్ధమవుతుండగా, చింతూరు నుంచి ఎవరో ఫోను చేసి, వచ్చే కెర్నల్ గారు భోజనానికి ఏం తీసుకుంటారో ముందుగా చెబితే ఏర్పాటు చేసుకుంటామన్నారు.

కరెంటు నిలకడగా ఉంటే ఇంకేమీ అక్కర్లేదని సరళ చెప్పింది.