కడుపు తగ్గినా కాటా తగ్గలేదు

ఆ రోజు పొద్దున క్రేనన్న అనుకున్నది చాలా చిన్న పని. కప్పెడు సూపు తాగాలి, యార్డుకు వెళ్ళి కాటా ఎక్కాలి, ముల్లు గీత దాటకపోతే తన క్రేను ఎక్కి కూర్చోవాలి. అంతే.

ఆ గీత ఎందుకు వచ్చిందో చెప్పాలి. కిందటేడు క్రేను సీటు విరిగి ఆయన కిందపడి నడుముకు దెబ్బ తగిలించుకున్నాడు. సీటు తుప్పు పట్టిందని యార్డంతా ఎరుగును. అయితే యాజమాన్యం నేరాన్ని సీటు మీద వేస్తుందా? మనిషి మీద వేసింది. బరువుకు హద్దు పెట్టి, ఆయన్ని లారీలకు టోకెన్లిచ్చే కుర్చీలో కూలేసింది. కొత్త సీటు ఏడాదైనా అమరలేదు. ఈలోగా మనిషే ఆపరేషన్ చేయించుకుని కడుపు చిన్నది చేయించుకున్నాడు.

కడుపు పిడికెడైంది గానీ నాలుక పాతదే. క్యాంటీన్‌లో చిప్స్ వేగితే కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి. "తినాలనిపించినప్పుడల్లా తినకుండా ఒక గులకరాయి జేబులో వేసుకోండి. సాయంత్రం చూసుకుంటే మీ గెలుపు మీకే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. యార్డులో గులకరాళ్ళెక్కడివి? షెడ్డు మూలన డబ్బాలో బోల్టులకు బిగించే బండ నట్లు ఉన్నాయి. చిప్స్ వాసనకొకటి, కేకు తలపుకొకటి, వెల్డరు ఎదురుగా బ్రెడ్డు నమిలితే రెండు. దూది కూరిన కోటు జేబులో పడేసేవాడు. సాయంత్రం ఇంట్లో చూసుకుంటే జేబు ఖాళీ! అత్తగారు తీసి పారేస్తోంది కాబోలనుకున్నాడు. అత్తగారిని లెక్క అడిగే అల్లుడు ఇంకా పుట్టలేదు. కోటు భుజాలు లాగేస్తుంటే ఆపరేషన్ నీరసమనుకున్నాడు.

తూకానికి ఇంటివాళ్ళను కూడా తీసుకురమ్మని యాజమాన్యం చెప్పిందని భార్యా, అత్తగారూ వెంట వచ్చారు. కాటా దగ్గర స్టోరుకీపరు నిలబడ్డాడు.

"బూట్లు విప్పన్నా. బెల్టు కూడా. ఆ కోటు?"

లోపల బనియను నిండా చిల్లులు. ఎదురుగా అత్తగారు.

"చలేస్తోందిలే" అని అలాగే ఎక్కాడు. ముల్లు గీత దాటి నిక్కి నిలబడింది.

"ఏం తిన్నారండీ?" భార్య గొంతు లేచింది.

"ఒట్టే, ఏమీ తినలేదు!"

"గాలి పీల్చి పెరిగారా? అమ్మా, నువ్వేమైనా పెట్టావా?"

అత్తగారు నీళ్ళు నమిలింది. "సూపులో రవ్వంత వెన్న వేశానే. అల్లుడుగారు పుల్లలా అయిపోతుంటే చూస్తూ కూర్చోనా?"

"రోజూనా?"

"పూటపూటా."

తూకం చూడ్డానికొచ్చిన వెల్డరు వెనక్కి జరిగాడు. "నన్ను చూడకు వదినా. నేను బ్రెడ్డు పెట్టలేదు, ఎదురుగా కూర్చుని తిన్నానంతే."

"కడుపు మాడుతున్న మనిషి ముందు తిన్నావా? నీకు పుట్టగతులుంటాయా?" అత్తగారు చెప్పందుకుంది. చిప్స్ మీద నింద పడిందని ఎవరు చేరవేశారో, క్యాంటీన్ వంటవాడు గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. గోల విని మేనేజరు గది తలుపు తీసి, కాటా వైపు చూశాడు.

"ఇంక జన్మంతా టోకెన్లే" అన్నాడు.

క్రేనన్నకు కాళ్ళ కింద కాటా కదిలినట్టయింది. తన మీద తనకే నమ్మకం పోయింది. "నిద్రలో లేచి తింటున్నానేమోనే..." అని గొణిగాడు.

"అదీ సంగతి! ఎక్కడ దాచారు?" భార్య కోటు జేబులో చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతిదాకా పోయింది. జేబుకు అడుగే లేదు. లోపల ఏదో గట్టిగా తగిలితే పట్టి గుంజింది. లోగుడ్డ పర్రున చిరిగి, నట్లు జలజలా రాలి కాటా మీంచి నేలకు దొర్లాయి. ముల్లు గీత కిందికి దిగి, బుద్ధిమంతురాలిలా కూర్చుంది.

అందరికంటే ముందు నోరు తెరిచింది స్టోరుకీపరు. "నా నట్లు! క్రేను కొత్త సీటు నట్లు! ఇవి దొరక్కే కదయ్యా, తీరా వచ్చిన సీటు కూడా మూలన పడుంది! వెల్డరు అమ్ముకున్నాడని నేను పైకి రాసిచ్చాను కూడా!"

"రాసిచ్చావా?" వెల్డరు గరిటె అరువడిగాడు.

అత్తగారు మాత్రం కింద కూర్చుని నట్లు ఏరుతోంది. "ఇవన్నీ నువ్వు తినకుండా వదిలేసిన తిండేనా బాబూ?"

"అవునత్తయ్యా."

ఆమె చేతిలోని నట్టును గట్టిగా తుడిచి ఇచ్చింది.

మధ్యాహ్నం క్రేనన్న పైకెక్కి తన సీటు తనే బిగించుకున్నాడు. కింద చిప్స్ వేగుతున్నాయి. చెయ్యి అలవాటుగా ఒక నట్టు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు.

ఏడాదిగా ఒక సీటు బిగించలేని యాజమాన్యం, గులకరాళ్ళ బస్తా మాత్రం సాయంత్రానికల్లా తెప్పించింది.