ఐదు పూల సేవాసంస్థ

మినోకావ నగర ప్రజలు ఇకమీదట దానం చేయడానికి భయపడనక్కర్లేదని మేయర్ కురోయివా తైజో గారు ప్రకటించారు.

"నమ్మకం లేని నగరంలో దానం ఉండదు. దానం లేని నగరంలో నేనుండను!" అన్నారు.

ఆ రెండో వాక్యానికి వెనక వరసలో కొందరు ఆశగా తలెత్తి చూశారు. కానీ మేయర్ గారు ఎక్కడికో వెళ్ళే ఉద్దేశంతో అన్న మాట కాదది.

ఆ ప్రెస్ మీట్‌లో నేనూ ఉన్నాను. నా పేరు సకూమా. స్టేషన్ ఎదుటి బజారులో నాకో చిన్న పనిశాల ఉంది. హోటళ్ళవాళ్ళు గుమ్మం పక్కన అద్దాల బీరువాలో పెట్టుకునే ఉత్తుత్తి వంటకాలు తయారుచేస్తాను. నూడుల్స్, రొయ్యల వేపుడు, కూర అన్నం, సమస్తం ప్లాస్టిక్‌తోనే. ఆ రోజు వేదిక మీది పళ్ళబుట్ట నాదే కాబట్టి, సర్దడానికి వెళ్ళి ప్రసంగం చివరిదాకా ఉండిపోయాను.

ప్రకటనకో కారణముంది. అంతకుముందు ఏడాది వరద బాధితుల కోసమని ఒక సంస్థ వెలిసింది. ఊరంతా ఇచ్చాం. వరద తగ్గింది, సంస్థా తగ్గింది. చివరికి దాని అధ్యక్షుడు దక్షిణాన వేడినీటి ఊటల దగ్గర సొంత హోటల్లో తేలాడు. ఆ సంస్థ ఆఫీసుకి రిబ్బన్ కోసింది మేయర్ గారే. "రిబ్బన్ కోశానే గానీ, లోపలికి వెళ్ళలేదు" అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు. అప్పటినుంచీ ఊళ్ళో ఎవరి పర్సూ తెరుచుకోవడం లేదు. ఏటా డిసెంబరులో ఎంతో కొంత ఎవరికో ఒకరికి ఇచ్చే అలవాటు నాకూ ఉంది. ఈసారి ఎవరికివ్వాలో తెలియక మేయర్ గారి మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

ఆయన తక్షణం ఒక విశ్వాస విభాగాన్ని నెలకొల్పారు. దానికి అధికారిగా నిషినా గారిని వేశారు. నిషినా గారు అంతకుముందు శ్మశానాల విభాగంలో పనిచేశారు. అక్కడ ఆయన హయాంలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట. సేవాసంస్థలన్నిటినీ ఆయన స్వయంగా తనిఖీ చేసి, ఐదు పూలకి ఎన్ని పూలో తేలుస్తారు. ఆ పూలు సంస్థ తలుపు మీద అంటిస్తారు. పూలు చూసి జనం డబ్బివ్వాలి.

మొదటి తనిఖీ మా వీధి చివర ఒరిహారా ఫుమియె గారి భోజనశాలలో జరిగింది. ఆవిడ బడిలో వంటమనిషిగా చేసి రిటైరైంది. పాత బియ్యం గోదాములో రోజూ సాయంత్రం వండి పెడుతుంది. తల్లిదండ్రులు పనిలోంచి ఆలస్యంగా వచ్చే పిల్లలు, ఒంటరి ముసలివాళ్ళు వచ్చి తింటారు. ఇంత వేడుక జరుగుతుంటే చూడకపోతే ఎలా అని నేనూ వెళ్ళాను.

నిషినా గారు తెల్ల చేతితొడుగులు వేసుకుని గరిటె పట్టుకున్నారు.

"రోజుకి ఎంతమంది తింటారు?"

"ఎంతమందొస్తే అంతమంది" అంది ఫుమియె గారు, ఉల్లిపాయలు తరుగుతూనే.

"అర్హులని ఎలా నిర్ధారిస్తారు?"

"ఆకలేసి వస్తారు కదండీ."

"ఆకలికి ధ్రువీకరణ?"

"తోకునాగా తాతా, కాస్త ఇటు రా. నీ కడుపులో చప్పుడు ఈయనకి వినిపించు."

తోకునాగా తాత లేచి వచ్చి నిలబడ్డాడు. నిషినా గారు వంగి శ్రద్ధగా విన్నారు. కానీ నిబంధనల్లో చప్పుడుకి మార్కులు లేవు.

"అభిప్రాయాలు సేకరించాలి. పాపా, భోజనం ఎలా ఉంది?"

కొహారు అనే రెండో తరగతి పిల్ల నోటినిండా అన్నంతో చెప్పింది. "బావుంది. క్యారెట్లే ఎక్కువ. మామ్మకి ఎన్నిసార్లు చెప్పినా వినదు."

"ఎన్నిసార్లు చెప్పినా వినదు" అని నిషినా గారు మెల్లగా పలుకుతూ రాసుకున్నారు. "అంటే పరిష్కారం కాని ఫిర్యాదన్నమాట."

"అది ఫిర్యాదు కాదు బాబూ, గారం" అంది ఫుమియె గారు.

"ఫారంలో గారానికి గడి లేదమ్మా."

మరునాడు ఆవిడ తలుపు మీద ఫలితం అంటించారు. ఐదు పూలకి గాను ఒక మొగ్గ. అది కూడా గుమ్మం దగ్గర చెప్పులు వరసగా విడిచినందుకు.

మిగతా సంస్థల గతీ అంతే. వీధి పిల్లుల సంస్థలో ఒక పిల్లి నిషినా గారిని గీరింది. లబ్ధిదారుల్లో అసంతృప్తి అని తేలింది. మొక్కలు నాటే సంఘం మొక్కలు ఇంకా చెట్లు కాలేదు. హామీ నెరవేర్చలేదని తేలింది. పదిహేను రోజుల్లో ఊళ్ళో అందరి తలుపుల మీదా మొగ్గలే. మొగ్గ అంటించాక ఫుమియె గారికి నెలనెలా బియ్యం పంపే దుకాణదారు కూడా చేయి వెనక్కి తీసుకున్నాడు. "నాకావిడ మీద నమ్మకమేనండీ. నాకున్న నమ్మకం మీదే ఇప్పుడు నాకు నమ్మకం లేదు" అని నాతో వాపోయాడు.

మేయర్ గారు కలవరపడ్డారు. వసంతకాలంలో ఎన్నికలు. ఐదు పూల సంస్థ ఒక్కటైనా లేకపోతే తన నగరం పరువేం కావాలి? అప్పుడు ఆయనకి తట్టిన ఆలోచన మామూలు బుర్రలకి తట్టేది కాదు.

"సేవాసంస్థ అంటే ఎలా ఉండాలో వీళ్ళకి తెలీదయ్యా నిషినా! మనమే ఒకటి కట్టి చూపిద్దాం. నమూనా సేవాసంస్థ! చూసి నేర్చుకుంటారు."

బజారులో మూతపడ్డ చెప్పుల దుకాణం అద్దెకి తీసుకున్నారు. గోడలకి రంగులేశారు. పొడవాటి బల్లలు, తెల్లటి కుర్చీలు వేశారు. నన్ను పిలిపించారు.

"సకూమా, బల్లల నిండా భోజనాలు కావాలి. ఎవరు చూసినా నోరూరాలి."

నేను ప్రాణం పెట్టి చేశాను. పులుసులో ముల్లంగి ముక్క సగం మునిగి సగం తేలుతున్నట్టు చేయడానికే రెండు రాత్రులు పట్టింది. అన్నం మీంచి ఆవిరి కూడా వచ్చే ఏర్పాటు చేశాను, కింద చిన్న యంత్రం పెట్టి.

నిషినా గారు నిష్పక్షపాతి. తమ విభాగం కట్టిందే అయినా తనిఖీ చేయకుండా వదల్లేదు. తొడుగులు వేసుకుని బల్ల బల్లకీ వెళ్ళారు. పరిశుభ్రత పరిపూర్ణం. పదార్థాలు పాడవడం లేదు. వృథా లేదు. క్యారెట్ల గురించి గానీ, మరో దాని గురించి గానీ ఫిర్యాదు లేదు. నిధులు దారిమళ్ళే అవకాశం లేదు, అసలు ఏ దారీ లేదు కనుక. ఐదుకి ఐదు పూలు! బయటికి వచ్చేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. శ్మశానాల తర్వాత ఇంత క్రమశిక్షణ మళ్ళీ ఇక్కడే చూశానన్నారు.

పత్రికలు ఆ ఐదు పూలనీ రంగుల్లో వేశాయి. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఊరి ఉదారత ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. బియ్యం దుకాణదారు ఇచ్చాడు. మంగలి ఇచ్చాడు. నేనూ నా డిసెంబరు విరాళం అక్కడికే పంపాను. నెల తిరక్కుండా అదే సొమ్ము నమూనా వంటకాల బిల్లు కింద నాకే వచ్చింది. అవసరమున్నవాడికి ఇంత వేగంగా చేరిన విరాళాన్ని నేనింతవరకూ చూడలేదు.

జనవరిలో ప్రాంతీయ టీవీవాళ్ళు వచ్చారు. మేయర్ గారు బల్లల మధ్య నిలబడి, "ఇక్కడ ఆకలికి చోటు లేదు" అని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. తోకునాగా తాత, కొహారు, వాళ్ళ వెనక ఇంకో పదిమంది దాకా పిల్లలూ ముసలివాళ్ళూ మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. ఫుమియె గారికి బియ్యం నిండుకుని రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు. ఊళ్ళో అందరికన్నా నమ్మదగిన చోటు ఇదేనని పేపర్లో చదివి వచ్చారు.

"భోంచేయడానికి వచ్చాం బాబూ" అన్నాడు తాత. "పూలు చూశాం."

కెమెరా తాత మీంచి మేయర్ గారి మీదికి తిరిగింది.

"రండి, రండి! మీ ఇల్లే అనుకోండి" అన్నారు మేయర్ గారు నవ్వుతూ. ఆ నవ్వు చెదరకుండానే నా చెవి దగ్గరికి వంగారు. "సకూమా, వీటిలో తినదగ్గవి ఏవయ్యా?"

"ఏవీ కావండి. పాలకూర మటుకు కాస్త మెత్తగా ఉంటుంది."

"ఏదో ఒకటి చెయ్యి!"

నేనూ నిషినా గారూ పెరటి తలుపులోంచి పరిగెత్తాం. ఆయన బియ్యం, చేపలు, కూరగాయలు కొనుక్కొచ్చారు. నేను ఫుమియె గారిని తీసుకొచ్చాను. ఆవిడ వచ్చి చూసి, నా ముల్లంగి పులుసుని గోటితో గీకింది.

"చాలా బాగా చేశావయ్యా. దీన్ని అవతల పెట్టి ఆ గిన్నె ఇలా ఇవ్వు. పొయ్యి ఎక్కడ?"

పొయ్యి లేదు. నమూనాకి పొయ్యి ఎందుకని ఎవరూ అనుకోలేదు. పక్కనే ఉన్న మంగలి తన గ్యాస్ పొయ్యి మోసుకొచ్చి ఇచ్చాడు. మేయర్ గారు అంతసేపూ టీవీవాళ్ళకి ఆకలి చరిత్ర చెప్పారు. మధ్యయుగం దాకా వచ్చేసరికి అన్నం ఉడికింది.

ఇక్కడొక చిక్కొచ్చింది. మొగ్గ పడ్డ మనిషి చేత ఐదు పూల సంస్థలో వండించకూడదు. నిజం అన్నానికి ఖర్చు పెట్టే వీలు నమూనా సంస్థకి లేదు. ప్రదర్శన సామగ్రికే ఉంది. నిషినా గారు ఆ రాత్రంతా ఆలోచించి మార్గం కనిపెట్టారు. ఫుమియె గారు నా పనిశాలలో ఉద్యోగి అయింది. ఆవిడ వండే అన్నం "త్వరగా పాడయ్యే రకం నమూనా" అయింది.

"అంటే, నా అన్నం నకలన్నమాట" అంది ఫుమియె గారు.

"కాగితం మీద మటుకేనమ్మా" అన్నారు నిషినా గారు తల దించుకుని.

"పిల్లల కడుపులో పడితే చాలు. నీకు నచ్చిన పేరు పెట్టుకో బాబూ."

ఆ చలికాలమంతా ఆ నకలు అన్నం తినని పిల్ల మా వాడలో లేదు. తోకునాగా తాత బుగ్గలు కాస్త నిండాయి. కొహారు క్యారెట్లు ఏరి నిషినా గారి పళ్ళెంలో వేసేది. అవును, ఆయనా అక్కడే తింటున్నారు. పర్యవేక్షణ కోసమని చెప్పారు. ఎన్నికల్లో మేయర్ గారు మళ్ళీ గెలిచారు.

ఏప్రిల్లో వార్షిక తనిఖీ వచ్చింది. నిషినా గారు తొడుగులు వేసుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. తరవాత లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు రాశారు. వంటకాలు రోజూ మాయమవుతున్నాయి. గిన్నెలు మాసిపోతున్నాయి. నేల మీద మెతుకులున్నాయి. పిల్లలు అరుస్తున్నారు. క్యారెట్ల విషయం పరిష్కారం కాలేదు.

ఫలితం, మొగ్గ.

మేయర్ గారు మండిపడ్డారు. "నమ్మకం విషయంలో రాజీ పడేది లేదు! అక్కడ తినడం మొదలుపెట్టిందెవరు?"

"ప్రజలండి" అన్నారు నిషినా గారు.

"అందుకే నమూనా పాడైంది!"

వారంలోగా గోడలకి మళ్ళీ రంగులేశారు. నా పాత వంటకాలు దుమ్ము దులిపి బల్లలెక్కించారు. ఐదు పూలూ తిరిగొచ్చాయి. ఫుమియె గారు తన గిన్నెలు సర్దుకుని గోదాముకి వెళ్ళిపోయింది. వెళ్తూ మంగలి పొయ్యిని మంగలికిచ్చేయబోతే, అతను తీసుకోలేదు. దాన్ని తనే మోసుకెళ్ళి గోదాములో పెట్టి, అక్కడే భోంచేసి వచ్చాడు. తరవాత బియ్యం దుకాణదారు వెళ్ళాడు, ఓ బస్తాతో. భోంచేసి వచ్చాడు. ఇప్పుడు మా వీధివాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు ముల్లంగులూ, చేపలూ, ఇంత డబ్బూ పట్టుకుని అటు పోతున్నారు. తలుపు మీద మొగ్గ ఉందన్న ధ్యాస కూడా లేకుండా పోతున్నారు! సాయంత్రం పూట నిషినా గారి బూట్లు కూడా ఆ గుమ్మంలో వరసగా కనిపిస్తున్నాయి. ఆయన తొడుగులు మాత్రం కనిపించడం లేదు. నమ్మకం గురించి ప్రభుత్వం ఇంత ఖర్చు పెట్టి నేర్పినా జనం ఇలా బాధ్యత లేకుండా ఇస్తుంటే మేయర్ గారి మనసు ఎంత గాయపడి ఉంటుందో నేను ఊహించగలను.

నిన్న ఆయనే స్వయంగా నా పనిశాలకి వచ్చారు. రాజధాని నుంచి మంత్రి గారు నమూనా సంస్థని చూడటానికి వస్తున్నారట. దేశమంతటా ఇలాంటివే పెట్టాలని ఆలోచనట.

"బల్లలు బోసిగా ఉన్నాయి సకూమా" అన్నారు.

"ఇంకొన్ని వంటకాలు చేయమంటారా?"

"వంటకాలు చాలు." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పిల్లలు కావాలి. ఓ ఎనిమిది మంది. ఇద్దరు ముసలివాళ్ళు."

నేను కొలతల టేపు తీశాను. పనివాడికి ముందు అడగాల్సినవి అడగడం ధర్మం.

"పిల్లల చూపు ఎటుండాలండి? పళ్ళెంలోకా?"

"పళ్ళెంలోకి ఎందుకయ్యా?" అన్నారు మేయర్ గారు విస్తుపోయి. "కెమెరాలోకి."