బస్సు బోర్డు నిజం చెప్పిన సోమవారం

ఎక్స్ఎమ్ఎల్ పత్రంలో సర్వర్ కంప్యూటర్‌కు చెప్పే ఆజ్ఞలు ఇరికించడం మహా ప్రజాసేవ! కాదనేవాళ్లు మా రొడొపి కొండల్లో బస్సు కోసం ఒక్కరోజు నిలబడండి.

అదేమిటంటారా? పెళ్లి శుభలేఖ మధ్యలో "ఇక్కడ గొర్రెలెన్నో లెక్కేసి రాయి" అని వంటవాడికి రాసిపెట్టడం లాంటిది. వంటవాడు ఆ మాట తీసేసి అంకె వేశాడా, సరే. వేయలేదా? మన గొర్రెల సంగతి చుట్టాలందరికీ తెలుస్తుంది. నష్టం ఎవరికి? గొర్రెలకు తప్ప!

మా బస్టాపులో వెలిగే బోర్డుకు బస్సు వేళలు అలాంటి పత్రంలోనే పట్నం నుంచి వస్తాయి. రాసేది బస్సుల ఆఫీసులో బట్టతల ఒగ్న్యాన్. పత్రం మొదటి వరసా, అతను ఇరికించే ఆజ్ఞలూ ఒకే గుర్తుతో మొదలవుతాయి. సర్వర్ మొదటి వరసను కూడా ఆజ్ఞే అనుకుని బిక్కచచ్చిపోయింది. "ఆ గుర్తు కనిపిస్తే పట్టించుకోకు" అని ఒగ్న్యాన్ గదమాయించాడు. మాట విన్నది. అతని ఆజ్ఞల్నీ పట్టించుకోకుండా ఉన్నవి ఉన్నట్టు మా బోర్డుకు పంపేసింది!

ఆ సోమవారం నా భార్య గెర్గినాకు కంటి ఆపరేషన్. పదింటికల్లా పట్నంలో ఉండాలి. తప్పితే మళ్లీ మంచు కరిగాకే పిలుపు. బోర్డు మీద గజిబిజి గుర్తుల నడుమ మనకర్థమయ్యే మాటలు కనిపించాయి: "సోమవారం డ్రైవర్ లేడు. అయినా 'సమయానికే' అని చూపు."

"ఏముందయ్యా?" అంది, కళ్లు చికిలించి.

"బస్సు రాదట."

"ఆ బోర్డు అంత మాట అన్నదా! ఒంట్లో బాగాలేదేమో పాపం."

పక్కింటి జెల్యాజ్కో ట్రాక్టరెక్కాం. తొమ్మిదిన్నరకు చేరాం. కన్ను దక్కింది.

ఒగ్న్యాన్‌కు ఫోన్ చేసి మెచ్చుకున్నాను. నా జన్మలో ఎవరినీ మెచ్చుకోలేదు.

"అయ్యో తాతా, మీ దాకా వచ్చేసిందా! రేపే సరిచేస్తా."

"వద్దు నాయనా."

వింటేనా? చదువుకున్నవాడు!

మరుసటి సోమవారం కన్ను చూపించుకోవడానికి బయల్దేరాం. బోర్డు కడిగిన పళ్లెంలా ఉంది. గెర్గినా ఈసారి నన్ను అడగలేదు. తనే చదివింది, గడగడా: "సమయానికే."

చదివి, బానిత్సా రొట్టెల మూట చంకనెత్తుకుని వెనుదిరిగింది.

"ఎక్కడికే?"

"జెల్యాజ్కోను లేపొద్దూ?"